ఒకే పునీతుడు, ఎన్నో జెండాలు

మద్రాసు రాష్ట్రం నాటి పాత ప్రభుత్వ గెజెట్లను తిరగేసిన వారికి 'ఫోర్ట్ సెయింట్ జార్జి' అనే పేరు పరిచయమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకూ మన కోస్తా, రాయలసీమ జిల్లాలను ఏలిన సర్కారు ఆ కోటలోనే ఉండేది. ఆ జార్జి ఎవరని అడిగితే, ఇంగ్లాండును పాలించిన జార్జి రాజుల్లో ఒకరై ఉంటారని చాలామంది అనుకుంటారు. కాదు. ఆయన రాజు కాదు. అసలు ఇంగ్లాండువాడే కాదు. క్రైస్తవ సంప్రదాయం ప్రకారం ఆయన తండ్రిది నేటి తుర్కియేలోని కప్పడోకియా ప్రాంతం, తల్లిది పాలస్తీనా.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడనే తెలుగు ప్రభువు సముద్రపు ఒడ్డున ఇచ్చిన స్థలంలో ఈస్టిండియా కంపెనీ వారు ఆ కోట కట్టుకున్నారు. ఇంగ్లాండు వారు ఏటా ఏప్రిల్ 23న జరుపుకునే సెయింట్ జార్జి పండుగ మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. మనం వలీ అన్నట్లే క్రైస్తవులు పునీతుడు అంటారు. ఒక దేశానికో, ఊరికో, వృత్తికో అండగా నిలుస్తాడని నమ్మే పునీతుణ్ణి పాలక పునీతుడంటారు. ఇంగ్లాండుకు జార్జి పాలక పునీతుడు. తెల్లని గుడ్డ మీద ఎర్రని సిలువ ఉన్న ఇంగ్లాండు జెండా ఆయన పేరిటిదే.

ఒక దేశం తన గుర్తుగా ఎంచుకున్నది పరాయిదేశపు మనిషిని. ఈ సంగతి గుర్తున్నప్పుడు ఆ పండుగ ఒక రకంగా జరుగుతుంది, మరచిపోయినప్పుడు మరో రకంగా జరుగుతుంది. నేడు ఇంగ్లాండులో ఉన్న లక్షలాది ముస్లిం కుటుంబాలకు ఈ తేడా మామూలు విషయం కాదు. ఆలోచిస్తే మనకు కూడా కాదు.

లుద్ద్ ఊరి బిడ్డ

జార్జి జీవితం గురించి చరిత్రకారులు గట్టిగా చెప్పగలిగింది చాలా తక్కువ. సంప్రదాయం చెప్పే కథ ఇది: ఆయన రోమన్ సైన్యంలో ఉద్యోగి. చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవులను వేటాడిన కాలంలో, తన విశ్వాసాన్ని వదులుకోమంటే నిరాకరించాడు. చిత్రహింసలు పెట్టి 303 ఏప్రిల్ 23న తల నరికారు. పాలస్తీనాలోని లుద్ద్ పట్టణంలో ఆయన సమాధి ఉంది.

లుద్ద్ పేరు మన పాఠకులకు కొత్త కాదు. చివరి కాలంలో హజ్రత్ ఈసా (అలై) దజ్జాల్‌ను లుద్ద్ ద్వారం దగ్గర హతమారుస్తారని 'సహీహ్ ముస్లిం' హదీసులో ఉన్న ఊరు ఇదే. ఈ పట్టణం ఇప్పుడు ఇస్రాయేల్‌లో ఉంది. 1948 జులైలో ఇక్కడి అరబ్బుల్లో అత్యధికులను ఇళ్ళ నుండి వెళ్ళగొట్టారు. అయినా పాత ఊరి నడుమ జార్జి చర్చి, దాని పక్కనే ఉమరీ మసీదు ఆనుకుని నిలిచి ఉన్నాయి. సిలువ యుద్ధాల కాలంలో పెద్ద చర్చి ఉన్న స్థలాన్నే ఈ రెండూ పంచుకున్నాయి. మసీదు 13వ శతాబ్దంలో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కాలం నాటిది. నేటి చర్చిని 19వ శతాబ్దంలో తిరిగి కట్టారు.

గుర్రం మీద కూర్చుని ఘటసర్పాన్ని ఈటెతో పొడుస్తున్న వీరుడిగా జార్జి బొమ్మ లోకమంతా తెలుసు. నిజానికి ఈ సర్పం కథ ఆయన మరణించిన ఏడెనిమిది వందల ఏళ్ళకు గానీ వ్యాప్తిలోకి రాలేదు. తొలినాళ్ళలో ఆయన కీర్తి కత్తి వల్ల వచ్చింది కాదు, అధికారం ముందు తల వంచనందువల్ల వచ్చింది. ఈ సంగతి ముందు ముందు పనికి వస్తుంది.

ముస్లిం చరిత్రకారులకు కూడా జార్జి తెలుసు. 923లో మరణించిన ఇమామ్ తబరీ తన చరిత్ర గ్రంథంలో 'జిర్జీస్' పేరిట ఆయన కథను వివరంగా రాశారు. దౌర్జన్యపరుడైన రాజు ఎన్నిసార్లు చంపించినా అల్లాహ్ ఆజ్ఞతో తిరిగి లేచి సత్యాన్ని చాటిన దైవభక్తుడిగా ఆయనను వర్ణించారు. ఇరాక్‌లోని మోసుల్ నగరంలో 'నబీ జిర్జీస్' పేరిట ఒక పురాతన మసీదు ఉండేది. 2014 జులైలో ఐసిస్ ముఠా దాన్ని పేల్చివేసింది.

ఖిజర్ పేరిట ఒక పల్లె

బేత్లెహేముకు నైరుతి దిక్కున కొద్ది కిలోమీటర్ల దూరంలో 'అల్ ఖిదర్' అనే పల్లె ఉంది. మనం హజ్రత్ ఖిజర్ (అలై) అని పిలుచుకునే పేరే అరబ్బుల నోట ఖిదర్. ఆ పల్లెలో జనం అత్యధికులు ముస్లిములు. ఊరి మధ్యలో ఉన్నది మాత్రం గ్రీకు క్రైస్తవుల సెయింట్ జార్జి చర్చి. పాలస్తీనాలో క్రైస్తవులు జార్జి అని పిలిచే మహనీయుణ్ణే సామాన్య ముస్లిములు తరతరాలుగా ఖిదర్ అని పిలుస్తూ వచ్చారు.

పాత పంచాంగం ప్రకారం ఏప్రిల్ 23 అంటే నేటి లెక్కలో మే 6. ఆ రోజున, దానికి ముందు రోజున ఆ చర్చికి చుట్టుపక్కల ఊళ్ళ నుండి క్రైస్తవులూ ముస్లిములూ కలిసే వస్తారు. మొక్కుబడిగా గొర్రెలు తెస్తారు, రొట్టెలు పంచుతారు. అక్కడ ఒక ఇనుప గొలుసు ఉంది. మనసు చెదిరిన వారికి దానితో నయమవుతుందన్న నమ్మకం పూర్వం నుండీ ఉంది. ఇప్పటికీ వచ్చినవారు దాన్ని మెడ మీదుగా వేసుకుని ముద్దు పెట్టుకుంటారు. బేత్లెహేము పరిసరాల్లో చాలా ఇళ్ళ గుమ్మాలపై రాతిలో చెక్కిన జార్జి బొమ్మ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దివ్య ఖుర్ఆన్ 'కహఫ్' సూరా 60 నుండి 82 వరకు గల ఆయతుల్లో హజ్రత్ మూసా (అలై) కలుసుకున్న జ్ఞాని వృత్తాంతం ఉంది. ఆయన పేరు ఖిజర్ అని హదీసులు తెలుపుతున్నాయి. 'ఖిజర్' అంటే పచ్చనివాడు. ఆయన కూర్చున్న బీడు నేల పచ్చబడిందని హదీసు చెబుతుంది. ఈ ఖిజర్, రోమన్ సైనికుడైన జార్జి ఒక్కరేనని ధార్మిక గ్రంథాలు చెప్పవు. అల్లాహ్‌కు తప్ప మరెవ్వరికీ మొక్కుబడులు చెల్లించరాదని చెప్పే ఉలమాలు ఇలాంటి ఆచారాలను మొదటి నుండీ కాదంటూనే ఉన్నారు. ఆ చర్చ వారికే వదిలివేద్దాం. మనం గమనించవలసింది ఒక్కటే. ఒక గడప మీద రెండు మతాలవారు తరతరాలుగా తగాదా లేకుండా నిలబడ్డారు. పేరు నాదా నీదా అని ఎవరూ ఎవరినీ నిలదీయలేదు.

తుర్కియేలోనూ ఇంతే. మే 5, 6 తేదీల్లో అక్కడి ముస్లిములు 'హిదిరెల్లెజ్' అనే వసంత పండుగ చేస్తారు. ఖిజర్, ఇల్యాస్ (అలై) ఇద్దరూ భూమిపై కలుసుకునే రోజని నమ్మకం. ఆ రెండు పేర్లు కలిసి ఈ పండుగ పేరయింది. 2017లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక ఏప్రిల్ 23న ఇస్తాంబుల్ దగ్గరి బుయుకాదా దీవిలో కొండ మీది జార్జి మఠానికి వేలాది మంది ఎక్కుతారు. వారిలో ఎక్కువమంది ముస్లిములే. కోరిక కోరుకుని దారి పొడవునా నూలు దారం విప్పుకుంటూ పైకి నడుస్తారు. అదే తేదీ తుర్కియేకు జాతీయ పండుగ రోజు కూడా. 1920 ఏప్రిల్ 23న అంకారాలో వారి జాతీయ శాసనసభ మొదటిసారి సమావేశమయింది.

ఇంగ్లాండు చేరిన వైనం

ఇంగ్లాండుకు జార్జి కంటే ముందు సొంత పునీతులే ఉండేవారు. 869లో డేన్ల చేతిలో హతుడైన ఎడ్మండ్ రాజును, 1066లో మరణించిన ఎడ్వర్డ్ రాజును అక్కడివారు కొలిచేవారు. సిలువ యుద్ధాలు ఆ వరుసను మార్చివేశాయి. 1098లో అంతాకియా కోట వద్ద జరిగిన యుద్ధంలో జార్జి ఆకాశం నుండి దిగివచ్చి తమకు సాయం చేశాడని యూరపు యోధులు చెప్పుకున్నారు. అల్లాహ్‌పై విశ్వాసం గల జనం తమవాడని చెప్పుకునే మనిషినే వారిపై యుద్ధానికి గుర్తుగా మార్చారన్న మాట. ప్రాణం పోయినా కత్తి ఎత్తని అమరుడి చేతికి కత్తి ఇచ్చారు.

1222లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన మతసభ ఏప్రిల్ 23ను పండుగ దినాల్లో చేర్చింది. 1348లో మూడవ ఎడ్వర్డ్ రాజు తన వీరుల కోసం స్థాపించిన 'గార్టర్' బిరుదును జార్జికే అంకితం చేశాడు. అక్కడి నుండి ఆయన రాజులకూ సైన్యాలకూ సొంతమయ్యాడు. స్కాట్లాండుతో కలిసి ఒకే రాజ్యమైన తర్వాత ఇంగ్లాండులో ఆ పండుగ క్రమంగా పలచబడింది. ఏప్రిల్ 23 అక్కడ నేటికీ సెలవు రోజు కాదు.

మరో విశేషం. బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో నాలుగు జాతులకూ నలుగురు పాలక పునీతులు ఉన్నారు. ఐర్లండ్‌కు పాట్రిక్. ఆయన బ్రిటన్‌లో పుట్టి, దొంగల చేతికి చిక్కి బానిసగా ఐర్లండ్ చేరినవాడు. స్కాట్లాండుకు ఆండ్రూ. ఆయన గలిలయలో చేపలు పట్టుకున్న వ్యక్తి, హజ్రత్ ఈసా (అలై) శిష్యుడు. ఇంగ్లాండుకు జార్జి. నలుగురిలో ఒక్క వేల్స్ వారి డేవిడ్ మాత్రమే ఆ నేల మీద పుట్టినవాడు. మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. అజ్మీర్ ఖాజా సాహెబ్ సీస్తాన్ ప్రాంతం నుండి వచ్చినవారే కదా. హిందువులూ ముస్లిములూ ఆయనను 'గరీబ్ నవాజ్' అంటూ గుండెకు హత్తుకున్నప్పుడు పుట్టిన ఊరు అడగలేదు.

జెండా ఎవరిది?

1966లో ఇంగ్లాండు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచిన రోజున ప్రేక్షకుల చేతుల్లో ఎక్కువగా కనిపించింది బ్రిటన్ ఉమ్మడి జెండా యూనియన్ జాకే. 1970లు, 80లలో జాత్యహంకార ముఠాలు జాతీయ జెండాలు పట్టుకుని నల్లవారు, ఆసియావారు ఉండే వీధుల్లో ఊరేగాయి. దాంతో ఆ జెండా కనబడితే భయపడి తలుపు వేసుకునే కుటుంబాలు ఏర్పడ్డాయి.

1996లో యూరపు ఫుట్‌బాల్ పోటీలు ఇంగ్లాండులో జరిగాయి. జూన్ 15న వెంబ్లీలో ఇంగ్లాండు ఆడింది స్కాట్లాండుతోనే. ఉమ్మడి జెండా ఇద్దరిదీ కనుక ఇంగ్లాండు అభిమానులు జార్జి సిలువను చేతబట్టారు. అప్పటి నుండి అది మైదానాలకు, ఇళ్ళకు, కార్లకు ఎక్కింది. మళ్ళీ పిల్లల బుగ్గల మీద రంగుగా మారింది. జాత్యహంకారుల చేతుల్లోంచి జెండా జనం చేతికి వచ్చిందని చాలామంది సంతోషించారు.

ఆ సంతోషానికి 2025 వేసవిలో పరీక్ష ఎదురయింది. శరణార్థులను ఉంచిన హోటళ్ళ ముందు నిరసనలు జరుగుతున్న రోజుల్లోనే ఇంగ్లాండులో ఎన్నో ఊళ్ళలో వీధి దీపాల స్తంభాలకు జార్జి జెండాలు కట్టారు. రోడ్డు కూడళ్ళ మీద ఎర్ర సిలువలు గీశారు. దేశంపై ప్రేమతోనే కట్టామని కొందరన్నారు. అందరినీ అనుమానించడం న్యాయం కాదు, వారిలో నిజంగా ఆ ప్రేమతో కట్టినవారు లేకపోలేదు. కానీ తమ ఇంటి ఎదుటి స్తంభానికి రాత్రికి రాత్రి కట్టిన జెండా 'ఇది మన ఊరు' అంటున్నదా, 'ఇది నీ ఊరు కాదు' అంటున్నదా అన్న సందేహం ఎంతోమందికి కలిగింది. గుడ్డ ఒకటే, రంగులు అవే. కట్టిన చేయిని బట్టి, కట్టిన సందర్భాన్ని బట్టి అర్థం మారిపోతున్నది.

2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లాండు, వేల్సుల్లో ముస్లిములు దాదాపు 39 లక్షలు. జనాభాలో నూటికి 6.5 మంది. వారిలో ఎంతోమంది అక్కడే పుట్టి పెరిగినవారు. ఆ పిల్లవాడు బడిలో ఏప్రిల్ 23న ఎర్ర సిలువ జెండా చేతబట్టాలా, వద్దా? ఆ ఇంట్లో తల్లిదండ్రులకు ఇది తేలిక ప్రశ్న కాదు. సిలువ మరో మతపు గుర్తు కదా అని ఒక జంకు. పట్టుకోకపోతే పరాయివాడంటారేమోనని ఇంకో జంకు.

క్రికెట్ పరీక్ష

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1990లో బ్రిటన్ నాయకుడు నార్మన్ టెబిట్ వలస వచ్చినవారి దేశభక్తికి ఒక కొలబద్ద చూపించారు. క్రికెట్ ఆటలో వారు ఏ జట్టును కోరుకుంటారో చూడాలన్నారు. ఆ మాట వింటే మన దేశంలో ముస్లిములు ఎన్నిసార్లు అదే పరీక్షకు నిలబడ్డారో గుర్తుకు రాక మానదు. టీ కొట్టు దగ్గర, ఆఫీసులో, రైలు పెట్టెలో నవ్వుతూనే అడిగే ప్రశ్న అది. నవ్వుతూనే జవాబు చెప్పాలి. లోపల మాత్రం ముల్లు గుచ్చుకుంటుంది.

అదే క్రికెట్ ఇంకో జవాబు కూడా ఇచ్చింది. సెయింట్ జార్జి కోట ఉన్న మద్రాసు నగరంలోనే 1968లో పుట్టిన నాసిర్ హుస్సేన్ 1999 నుండి 2003 దాకా ఇంగ్లాండు టెస్టు జట్టుకు సారథ్యం వహించాడు. ఆయన తండ్రి భారతీయ ముస్లిం, తల్లి ఇంగ్లీషు మహిళ. బ్రిటన్‌లో పుట్టిన ఆసియా యువకులు ఇంగ్లాండు జట్టును ఎందుకు సమర్థించరని 2001లో ఆయనే అడిగితే పెద్ద దుమారం రేగింది. ఆయన అడిగింది తప్పని కొందరన్నారు, సమర్థించేలా మమ్మల్ని మీరు చేర్చుకున్నారా అని కొందరన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

2019 జులై 14న లార్డ్స్ మైదానంలో ఇంగ్లాండు ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన ఆదిల్ రషీద్, బర్మింగ్‌హామ్‌లో పుట్టిన మొయిన్ అలీ ఉన్నారు. సారథి మోర్గాన్ డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్ మనిషి. ఐరిష్ వారి అదృష్టం కలిసివచ్చిందా అని విలేకరులు ఆయన్ను అడిగితే, అల్లాహ్ మన వైపు ఉన్నాడని ఆదిల్ తనతో చెప్పాడని నవ్వుతూ బదులిచ్చాడు. విజయోత్సవంలో మద్యం చిమ్మే సమయానికి ఆదిల్, మొయిన్ పక్కకు తప్పుకున్నారు. అందువల్ల వారు ఇంగ్లాండు ఆటగాళ్ళు కాకుండా పోలేదు. గుర్తింపు అంటే అందరూ ఒక్కలాగే ఉండటం కాదని ఆ ఒక్క దృశ్యం చెప్పింది.

అటూ ఇటూ ఆయనే

జార్జిని సొంతం చేసుకున్నది ఇంగ్లాండు ఒక్కటే అయితే కథ ఇంతటితో ముగిసేది. 1896 మార్చి 1న ఇతియోపియాలోని అద్వా వద్ద మెనెలిక్ చక్రవర్తి సేనలు ఇటలీ దండును ఓడించి తమ స్వాతంత్ర్యం నిలుపుకున్నాయి. ఇతియోపియా పంచాంగంలో అది జార్జి రోజు. ఆయన పేరిట ప్రతిష్ఠించిన పవిత్ర ఫలకాన్ని వారు యుద్ధభూమికి మోసుకెళ్ళారు. అవతల దండు వచ్చిన ఇటలీలో జెనోవా నగరానికి కూడా జార్జి పునీతుడే, ఆ నగరం జెండా కూడా ఎర్ర సిలువే. ఆక్రమించ వచ్చినవారికీ ఆయనే, ఎదిరించినవారికీ ఆయనే. ఇక ఆయన ఎవరి పక్షమని చెప్పగలం?

స్పెయిన్‌లోని కటలోనియా వారు ఈ పండుగకు మరో రూపం ఇచ్చారు. ఏప్రిల్ 23న బార్సిలోనా వీధుల్లో గులాబీల దుకాణాలు, పుస్తకాల దుకాణాలు బారులు తీరుతాయి. ప్రియమైనవారికి ఒక గులాబీ, ఒక పుస్తకం ఇవ్వడం అక్కడి ఆచారం. 1939 నుండి 1975 దాకా సాగిన ఫ్రాంకో నియంతృత్వంలో వారి కటలాన్ భాషను అణచివేశారు. అలాంటి జనానికి తమ భాషలో పుస్తకం కొని ఇవ్వడమే జాతి గుర్తింపు. 1995లో యునెస్కో ఆ తేదీనే ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది. కత్తికీ పేరుపడిన పునీతుని రోజున పుస్తకం పంచవచ్చని వారు చూపించారు.

పిలుపు ఎవరికి?

దివ్య ఖుర్ఆన్ 'హుజురాత్' సూరా 13వ ఆయతులో మనుషులు జాతులుగా, తెగలుగా ఉన్నది ఒకరినొకరు ఎరిగి ఉండటానికేనన్న బోధ ఉంది. జాతి ఉండటం తప్పు కాదు, తన నేలను ప్రేమించడం తప్పు కాదు, దానికొక పండుగ ఉండటం అసలే తప్పు కాదు. ఆ రోజున చర్చిలో జరిగే ప్రార్థన క్రైస్తవులది, అందులో పాల్గొనమని ముస్లింను ఎవరూ బలవంతపెట్టనక్కరలేదు. కానీ వీధిలో జరిగే సంబరం, బడిలో చెప్పే కథ, పొరుగువారితో పంచుకునే భోజనం ఆ నేల మీద బతికే అందరివీ. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నగర పాలక సంస్థ ఈ పండుగను బహిరంగంగా జరిపించింది. 2016లో ఆ నగరానికి మేయర్‌గా ఎన్నికైన సాదిక్ ఖాన్ పాకిస్తాన్ నుండి వలస వచ్చిన బస్సు డ్రైవరు కొడుకు. అందులో ఏదో వింత ఉందనుకునేవారు లుద్ద్ ఊరి బిడ్డను మరచిపోయినవారే.

పండుగ గొప్పతనం జెండాల సంఖ్యను బట్టి రాదు. ఆ రోజున గడప లోపలికి ఎవరిని పిలిచారు, ఎవరిని గడప అవతల నిలబెట్టారు అన్నదాన్ని బట్టి వస్తుంది. ఇది ఇంగ్లాండుకు మాత్రమే చెప్పే మాట కాదు. మన దర్గా ఉర్సుకు, మన ఊరి జాతరకు, మన జాతీయ పండుగలకు కూడా వర్తిస్తుంది. పక్కింటివారు రాని పండుగ ఎంత ఘనంగా జరిగినా సగం పండుగే.

మద్రాసులో ఆ కోట ఇప్పటికీ ఉంది. తమిళనాడు శాసనసభ, సచివాలయం అందులోనే పనిచేస్తున్నాయి. 1947 ఆగస్టు 15న ఎగురవేసిన ఒక మువ్వన్నెల జెండాను కోటలోని మ్యూజియంలో భద్రపరిచారు. ఏటా ఆగస్టు 15న ముఖ్యమంత్రి ఆ కోట బురుజు మీదే జాతీయ జెండా ఎగురవేస్తారు. పాలస్తీనా వాని పేరు, తెలుగు ప్రభువు ఇచ్చిన స్థలం, ఇంగ్లీషువారు కట్టిన గోడలు, వాటి మీద మన జెండా. దాని కింద నిలబడి ఎవరు సొంతం, ఎవరు పరాయి అని వేరు చేయబోయేవారు ముందుగా ఆ కోట పేరు ఒకసారి చదువుకోవాలి.